కాకికాలు

చిత్తూరు చర్చి వీధి మలుపులో
నాలుగడుగుల బల్ల, ఒక పాత మిషను,
డబ్బా నిండా జిప్పు తలలు.
నన్ను అందరూ జిప్పులక్క అంటారు.
అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉండాది.

పలమనేరు నుంచి మొగిలి అని ఒక అబ్బోడు
గోనెసంచిలో చుట్టి తెచ్చినాడు తోలు కోటు.
"మా జేజినాయనది అక్కా. విమానం నడిపినాడంట.
జిప్పు మార్చు. లోపల ముద్రలేందో కూడా చెప్పు.
బెంగళూరులో ఒకాయన కొంటానంటున్నాడు."

ముద్ర చదవడం మా నాయన నేర్పినాడు,
రాణిపేట షెడ్డులో ముప్పై ఏండ్లు
తోళ్లకు ఉప్పు పట్టించిన చేతులతో.
ఎదురుగా చూస్తే కనపడదు,
టార్చి లైటు పక్కవాటుగా పట్టాల.
తడి తగలకూడదు. గోరు అసలే వద్దు.
నిజమైన సిరా నూలు లోపలికి దిగిపోయి
అంచులు నేరేడుపండు తిన్న నాలుక మాదిరి ఉంటాయి.
దొంగ ముద్ర గుడ్డ మీద కూర్చోనుంటది,
చుట్టాలింట్లో మంచం అంచున కూర్చున్నట్టు.
ఇంకోటి:
దొంగది తిన్నగా ఉంటది.
అసలుది ఒక రవ్వ వంకర,
పొద్దున్నించి నిలబడుకోనున్న చెయ్యి కదా.

అస్తరు కుట్టు రెండు జానలు విప్పినాను.

కాకికాలు కనిపించింది. మూడు గీతలు,
కింద నిలువుగా ఇంకొక గీత.
దొరల కాలంలో ఈ దేశపు మిలిటరీ సొత్తని గుర్తు.
పక్కన సున్నా చుట్టి పదిహేడు, తనిఖీ చేసినోళ్ల నంబరు.
ఏడాది నలభై నాలుగు.
పదిహేడును రెండుసార్లు కొట్టినారు:
మొదటిది సిరా చాలక పాలిపోయింది,
రెండోది గట్టిగా, కోపంగా, పక్కకు జారి.
ఆ రెండు దెబ్బల నడుమ
ఎవురో తలెత్తి గడియారం చూసుంటారు.
ఆకలేసిందో, బిడ్డ గుర్తొచ్చిందో.
మగో ఆడో సిరా చెప్పదు.
నాకు మాత్రం ఆడమనిషి అనే అనిపించింది.

ఇంకా కిందికి పోతే
ముక్కుకు ముక్కు ఆనించుకోని రెండు కాకికాళ్లు.
"ఇదేందక్కా?"
"అమ్మేసినారని. వాడుకలోనుంచి తీసేసి.
ఇంక సర్కారుది కాదని."
"అంటే జేజినాయన..."
"అది ముద్రలో ఉండదు నాయనా."

ఎడమ జేబులో వేలు పెడితే అంటుకుంది.
రాయి కట్టిన నల్లబెల్లం.
దానికి అతుక్కోని, నాలుగు మడతల్లో, మండీ తూకం చీటీ:
కుప్పుస్వామి, పద్దెనిమిది దిమ్మెలు.

అబ్బోడు చీటీని వాసన చూసినాడు.
"రాత్రిళ్లు మండీ కాపలా ఉండేవాడు.
మంచుకు ఇదే తొడుక్కోనేది.
విమానం యాడ దింపినావు జేజినాయనా అంటే
బెల్లం బస్తాల మీద అనేవాడు.
మేం నవ్వేవాళ్లం.
మా నాయన మాత్రం నమ్మినాడు, చచ్చేదాకా."

కొంచెంసేపు రోడ్డు చూసి, గొంతు తగ్గించి,
"ఆ రెండు కాళ్లూ స్పిరిటుతో పోతాయా అక్కా?"

పోతాయి.
దూది తడిపినాను కూడా.
పదిహేడు మీద వెలుగు ఇంకా పక్కవాటుగానే పడతా ఉంది,
ఆ రెండో దెబ్బ మీద.
తడి దూదితో మిషను సూది తుడుచుకున్నాను.

పాలకాగితం పరిచి, పెన్సిలుతో
మూడు ముద్రలూ నా నోటుబుక్కులోకి ఎత్తుకున్నాను.
అస్తరు మూసి, పాత రంధ్రాల్లోనే సూది దించి కుట్టినాను.
జిప్పు నూట ఎనభై.
చదివిందానికి ఏమీ తీసుకోలేదు.
వాడు బేరం ఆడలేదు, థాంక్స్ చెప్పలేదు.
చైత్రం ఎండలో కోటు తొడుక్కోని
జిప్పు మెడ దాకా లాక్కోని
బస్టాండు వైపు పోయినాడు.
అమ్ముతాడో లేదో నేను అడగలేదు.

సాయంత్రం బల్ల తుడవబోతే
చీమలు.
మిషను కాలు ఎక్కి, జిప్పు తలల డబ్బా చుట్టి,
కోటు పరిచిన చోటికి వచ్చి
అక్కడక్కడే తిరగతా ఉండాయి.